చీనా శోధనయంత్రములును మన మిరప సరకును

సంఘ సభ్యులలో కొందరు యువకులు కొంతకాలముగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. మన ఎండుమిరపకాయను చీనావారు విస్తారముగా కొనుచున్నారు గదా. సహకార సంఘములే చీనాభాషలో ఒక వెబ్‌సైటు పెట్టుకొని తమ సరకును నేరుగా చూపరాదా, నడుమనున్న చేతులలో పోవు సొమ్ములో కొంతయైనను రైతునకు మిగులదా అని. ప్రశ్న మంచిదే. అయితే దానివెంట మఱియొక మాటయు వినవచ్చుచున్నది. “చీనా శోధనయంత్రములో మీ పేరు మొదటి వరుసలో నిలిపెదము, ఇంత రొక్కము ముందుగా కట్టుడు” అని తిరుగువారు బయలుదేరియున్నారు. సంఘము సొమ్మనగా సభ్యుల వాటాధనము. దానిని తీసి యిచ్చుటకు ముందు ఆ యంత్రము ఎట్లు పనిచేయునో, దానిలో మన చేతనయిన పని ఏదో, కానిది ఏదో తెలిసికొనుట అవసరము. ఈ పాఠము అందుకొఱకే వ్రాయబడినది.

తుర్కయాంజాలు చుట్టుపట్లనుండు మిరపచేలు ఖమ్మము, వరంగల్లు, గుంటూరు సీమలతో పోల్చినచో స్వల్పములే. అయినను సాగరు రహదారిమీదుగ మలక్‌పేట గంజికి పోవు మన బస్తా ధర అక్కడి పాటదారుని నోటనే పుట్టునది కాదు. గుంటూరు యార్డులోను ఖమ్మములోను ఏ రకము ఏమి పలికినదో ఆ వార్త బస్తాకంటె ముందుగనే గంజికి చేరును. అక్కడ తేజ రకమును విశేషముగా కొను పరదేశి చీనావాడు. కాయ సన్నము, కారము మెండు. వంటకే గాక, కాయనుండి కారపు సత్తును తీయు కర్మాగారములకును అది కావలసియున్నది. 2020 ఆరంభమున చీనాలో కరోనా వ్యాధి ప్రబలి వర్తకము స్తంభించినప్పుడు ఇక్కడ తేజ ధర దిగజారిన సంగతి రైతులు మఱచియుండరు. 2025 ఫిబ్రవరిలో ధరలు మరల పడిపోగా, ఆంధ్రప్రదేశపు మిరపరైతుల కొఱకు కేంద్రప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలుగా ధర ప్రకటింపవలసి వచ్చెను. కొనువాని తలుపు ఎక్కడనున్నదో ఎఱుగని రైతునకు ఇట్టి దినములలో ఇంటికి వచ్చినవాడు చెప్పినదే ధర. వెబ్‌సైటు పెట్టినంతమాత్రమున ధర పెరుగునని నేను చెప్పను. ఆ తలుపు ఎక్కడనున్నదో తెలియుటకు అది ఒక సాధనము, అంతే.

శోధనయంత్రమనగా నేమి? మన పిల్లలు దీనిని సెర్చి ఇంజిను అందురు. ఒక మాట వ్రాసి మీట నొక్కగానే అది లోకములోని పుటలన్నియు అప్పటికప్పుడు గాలించి తెచ్చునని చాలమంది తలంచుచున్నారు. అది నిజము కాదు. పూర్వము మన గ్రామములలో పట్వారి ఉన్న దినములను తలచుకొనుడు. ఫలాని సర్వే నంబరులో ఏ పంట ఉన్నదని కచేరిలో అడిగినచో పట్వారి చేనికి పరుగెత్తువాడు కాడు. ముందే వ్రాసియుంచిన పహాణీ తెఱచి చూచి చెప్పువాడు. చేనిలో బంగారము పండినను పహాణీలో ఎక్కనిచో కచేరిలో అది పడావు భూమియే. శోధనయంత్రమునకును ఇట్టి పహాణీ ఒకటి కలదు. ఆ యంత్రము సాలీడు అను మారుపేరుగల ఒక కార్యక్రమమును పంపును. అది ఒక పుటనుండి మఱియొక పుటకు దారులను పట్టుకొని ప్రాకుచు, చదివినదానిని తన పుస్తకములో ఎక్కించుకొనును. ఎవడైన ప్రశ్న వేసినప్పుడు ఆ పుస్తకమునుండియే జవాబు తీసి, ఏది మేలని తోచునో దానిని పైన పెట్టును. కావున విచారింపవలసినవి ముఖ్యముగా మూడు: సాలీడు మన పుటకు రాగలదా, వచ్చి చదువగలదా, చదివి మనలను మేలని యెంచునా.

మన దేశమున ఈ పనికి గూగుల్ వాడుక. చీనాలో అట్లు కాదు. గూగుల్ వారు 2006లో చీనాకొఱకు ప్రత్యేకముగా ఒక యంత్రము పెట్టి, 2010 మార్చిలో దానిని ఉపసంహరించుకొని, వచ్చువారిని హాంకాంగునకు మళ్ళించిరి. నేడు చీనా ప్రధానభూభాగములో గూగుల్ మామూలుగా తెఱచుకొనదు. అక్కడ పేరుగన్నది బైదూ. 2000 సంవత్సరమున లీ యెన్‌హోంగ్ అను నతడు సహచరునితో కలసి పేకింగు నగరమున దానిని స్థాపించెను. బైదూ యనగా వందలమారులు అని అర్థము. సుంగ్ వంశపు కాలమునాటి యొక పద్యమునుండి ఆ పేరు తీసికొనిరట. వర్తకమునకు పద్యములో పేరు వెదకుకొనుట మనవారికిని నచ్చును! బైదూ గాక సోగౌ, 360, షెన్మా మొదలగునవియు కలవు. బింగ్ అను అమెరికా యంత్రము యొక్క చీనా రూపము కూడ అక్కడ నడచుచున్నది. కాని రైతుసంఘమువారు మొదట బైదూను దృష్టియందుంచుకొనిన చాలును. దానికి సరిపడిన పుట మిగిలినవానికిని ఇంచుమించుగా సరిపడును. గూగుల్‌లో మన పేరు మొదట వచ్చుచున్నది గదా యని సంతసించువారు ఈ భేదమును గుర్తింపవలెను. అది చీనావాని కంటికి కనబడని వరుస.

ఇక సాలీడు రాగలదా యను మాట. చీనా సరిహద్దున ఇంటర్నెట్టునకు ఒక గోడ కలదు. బయటి పుటలు ఆ గోడను దాటి పోవలెను. కొన్ని పోవు, కొన్ని ఆలస్యముగా పోవును. దేశము లోపలనే పుటను నిలుపుకొనవచ్చునా యన్నచో, చీనా గడ్డమీది సర్వరులో నిలుపు ప్రతి వెబ్‌సైటును ప్రభుత్వమువద్ద దాఖలు చేసి నంబరు తీసికొని, ఆ నంబరును పుట అడుగుభాగమున చూపవలెను. దీనిని బేయాన్ అందురు. చీనాలో నమోదైన సంస్థగాని, అచ్చటి గుర్తింపుగల మనిషిగాని లేనివారికి ఇది సాధారణముగా దొరకదు. మన సంఘమునకు ఆ దారి లేదనియే యెంచుకొనవలెను. బేయాన్ నంబరు మేమే ఇప్పించెదమని ఎవరైన చెప్పినచో, ఎవరి పేరిట ఇప్పించెదరని అడుగుడు. ఇంకొకరి పేరిట తెచ్చిన నంబరు ఇంకొకరి పట్టామీద వేసిన బోరుబావి వంటిది. నీరు పడినను మనది కాదు.

మనకు తగిన ఉపాయము హాంకాంగులోగాని సింగపూరులోగాని సర్వరు అద్దెకు తీసికొనుట. అక్కడ బేయాన్ అక్కఱ లేదు, దూరము తక్కువ. చీనా లోపల ఉన్నంత వేగము రాదు గాని పుట తెఱచుకొనును. అయితే ఇక్కడ పలువురు పడు గుంట ఒకటి కలదు. పుటను తయారుచేయు పనివాండ్రు అలవాటుగా గూగుల్ వారి అక్షరరూపములను, గూగుల్ పటమును, యూట్యూబు బొమ్మలను అందులో అతికింతురు. మన ఊరిలో చూచినప్పుడు అన్నియు సలక్షణముగా కనబడును. చీనాలో తెఱచినప్పుడు ఆ పుట గోడకవతల నిలిచిపోయిన వస్తువులకొఱకు ఎదురుచూచుచు తెల్లగా నిలుచును. కొనువాడు రెండు క్షణములు చూచి వెడలిపోవును. కావున అక్షరములు, బొమ్మలు, పటము అన్నియు మన సర్వరులోనే ఉండవలెను. బొమ్మలు చిన్నవిగా చేయవలెను. చీనావారు అధికముగా మొబైలు ఫోనులోనే చూతురు గనుక పుట చిన్న తెఱపై చదువ వీలుగా నుండవలెను. సరకు పేరు, ధరనియమములు మొదలగునవి బొమ్మలో అచ్చువేయక అక్షరములుగనే వ్రాయవలెను. సాలీడు బొమ్మను మనవలె చదువలేదు. పుట తెఱచిన పిమ్మట లోపలి కార్యక్రమము నడచి అక్షరములను తెచ్చిపెట్టు పద్ధతియు బైదూ సాలీడునకు అంతగా పొసగదు. చూచుటకు సాదాగా, మొదటనే అక్షరములు నిండియున్న పుటయే దానికి ప్రియము.

భాష సంగతి అన్నిటికంటె విస్తారమైనది. ఇందులో చేయు తప్పులు ధనముతో దిద్దబడవు. 1956లో చీనా ప్రభుత్వము లిపిని సులభపఱచు పథకము ప్రకటించెను. ప్రధానభూభాగమున నేడు ఆ సులభలిపియే వాడుక. తైవానులోను హాంకాంగులోను పాతలిపి నిలిచియున్నది. హాంకాంగులో సర్వరు ఉన్నదిగదా యని ఆ ఊరి లిపిలో వ్రాయించిన పొరపాటే. అంతేగాక ఆ భాషలో, మన తాళపత్ర గ్రంథములలోవలెనే, మాటకు మాటకు నడుమ ఎడముండదు. ఎక్కడ ఒక మాట ముగిసి వేఱొక మాట మొదలగునో యంత్రమే విడదీసికొనును. కావున వాడుకలోనున్న మాటలను వాడుకలోనున్న కూర్పుతోనే వ్రాయనిచో అది తప్పుగా విడదీయును.

కొన్ని మాసముల క్రిందట ఒక ఎగుమతి వర్తకుని చీనా పుటను, ఆ భాష చదువుకొనిన యొక విద్యార్థిచేత నేను చదివించితిని. అతడు నాలుగు పంక్తులు చదివి నవ్వెను. ఇంగ్లీషులో మిరపకాయను, దక్షిణ అమెరికాలోని చిలీ దేశమును తెలుపు మాటలు వినుటకు ఒకటే. మిరపకాయను చీనావారు లాజ్యావ్ అందురు. చిలీ దేశమును జిలీ అందురు. అనువాద యంత్రము ఈ రెంటికిని తికమకపడి, మా గిడ్డంగిలో ఎండబెట్టిన చిలీ దేశము సిద్ధముగా నున్నది అని వ్రాసియుండెను. ఆ పుట ఏండ్ల తరబడి అట్లే నిలిచియున్నదట. దానిని చేయించుటకు ఆ వర్తకుడు పెట్టిన వ్యయము తక్కువేమియు కాదు.

తప్పులేని మాట వ్రాసినంతనే చాలదు. కొనువాడు వెదకు మాట వ్రాయవలెను. ఎండుమిరపకు గాన్ లాజ్యావ్ అని పేరు. భారతదేశమునకు యిన్దూ అని పేరు. ఈ రెండును కలిపి వెదకువాడు మనకు కావలసినవాడు. తేజ యను మన పేరును చీనా అక్షరములలో ధ్వనికి తగినట్లు ఎంత అందముగా వ్రాసినను ఆ మాటతో వెదకువారు అరుదు. వర్తకములో ఆ రకమునకు నడచు గుర్తు ఎస్ 17. దానిని విడువరాదు. అక్కడివారికి తమ దేశపు మిరపజాతులు పెక్కు కలవు. ఆకాశమును చూచు మిరప అని అర్థము వచ్చు ఛావో త్యెన్ జ్యావ్ వానిలో ప్రసిద్ధమైనది. మన సరకు కారములో, రంగులో, గింజలో దానికంటె ఎట్లు భిన్నమో రెండు వాక్యములలో చెప్పినచో కొనువానికి పోలిక దొరకును, యంత్రమునకును ఆ పేరు దొరకును. తొడిమతోనున్న సరకునకు, తొడిమ తీసిన సరకునకు వారికి వేర్వేరు మాటలు కలవు, రెండును వ్రాయవలెను. తూకము టన్నులలో వ్రాసినను, అంగడిలో వారి నోట నానిన కొలత జిన్; అది అర కిలోగ్రాము. మనము కిలో ధర చెప్పి వారు జిన్ ధరగా తలంచినచో బేరము సగములో చెడును. కావున కొలతను విప్పి వ్రాయుడు.

పుట శీర్షికయందు ఒకే పంక్తిలో సరకు, రకము, దేశము, అమ్మువారు ఎవరో తెలియవలెను. “భారతదేశపు ఎండుమిరప, ఎస్ 17, తొడిమ తీసినది, తెలంగాణ రైతుల సహకార సంఘము” అని యర్థమిచ్చు పంక్తి చాలును. దాని క్రింద పుట సారమును రెండు మూడు వాక్యములలో తెలుపు వివరణ యుండవలెను. శోధన ఫలితములలో తఱచుగా అదియే కనబడును. మిరప మిరప మిరప యని యేబదిమారులు వ్రాసినచో యంత్రము మెచ్చునని చెప్పువారు ఇంకను ఉన్నారు. ఆ కాలము గతించినది. బైదూవారు 2013లో, సొమ్ముకు కొనిన దారులతో పేరు పెంచుకొను పుటలను అణచుటకు ఒక నియమము తెచ్చిరి; 2017లో ఇతరుల వ్రాతను ఎత్తి అతికించు పుటలను క్రిందికి త్రోయుటకు మఱియొకటి తెచ్చిరి. మొదటిదానికి ఒక తీగమొక్క పేరు, రెండవదానికి తుపాను పేరు పెట్టిరి. కావున వందలకొలది దారులు కొనిపెట్టెదమను వానికి సొమ్మిచ్చుట డబ్బిచ్చి దెబ్బలు కొనుటయే.

మొదటి వరుసను గూర్చి. బైదూలో పైవరుసలు కొన్ని ప్రకటనలకు ప్రత్యేకింపబడినవి. అవి గంజిలో పాటవలె వేలమున పోవును. ఎక్కువ పాడినవాడు పైకి పోవును, చూచువాడు నొక్కిన ప్రతిసారి ఇంత యని రుసుము తెగును, సొమ్ము ఆగిన దినముననే పేరు దిగును. మిగిలిన వరుసలు యంత్రము తన బుద్ధితో కూర్చునవి. వానిలో స్థానమును అమ్ము అధికారము బయటివాడెవనికిని లేదు. ఈ రెండును ఒకటేయని నమ్మించుటలోనే మోసమంతయు నున్నది. 2016లో వే జెషీ అను విద్యార్థి అరుదైన యొక రాచపుండు వ్యాధితో బాధపడుచు, బైదూలో పైన కనబడిన వైద్యశాలను నమ్మి చికిత్స పొంది, ఫలము లేక ఆ సంవత్సరము ఏప్రిలులో మరణించెను. దేశమంతట అలజడి రేగగా, ప్రకటనలు పుటలో నూటికి 30 పాళ్లకు మించరాదనియు వానికి స్పష్టముగా గుర్తు పెట్టవలెననియు ప్రభుత్వాధికారులు బైదూను ఆజ్ఞాపించిరి. అప్పటినుండి చీనా కొనుగోలుదారుడు కూడ ప్రకటన యను గుర్తు చూచి ఒక అడుగు వెనుకకు వేయుట నేర్చెను. టన్నులకొద్ది సరకు కొనువాడు ప్రకటన చూచి సొమ్ము పంపడు.

మఱి అతడు దేనిని చూచును? మొదట కాగితములు చూచును. 2022 జనవరి 1 నుండి, చీనాకు ఆహారపదార్థములు పంపు విదేశీ కర్మాగారములు, నిలువ గిడ్డంగులు చీనా కస్టమ్సుశాఖ వద్ద నమోదు కావలెనను నియమము అమలులోనికి వచ్చెను. మన దేశమున మసాలా ద్రవ్యములు ఎగుమతి చేయువారు స్పైసెస్ బోర్డు వద్ద నమోదు పొందవలెను. ఈ నంబరులు పుటలో పైననే కనబడినచో, ఎంత అందమైన మాటలకంటెను అవి మేలుగా పనిచేయును. అవి లేనిచో పుట ఎంత చక్కగా నున్నను రేవులో సరకు దిగదు. తరువాత అతడు తేమ ఎంత, రంగు ఎంత, బూజు విషమును గూర్చిన పరీక్షాపత్రము ఉన్నదా యని చూచును. కల్లములో టార్పాలిన్‌పై ఎండుచున్న కాయ, గ్రేడింగు చేయుచున్న స్త్రీలు, శీతల గిడ్డంగి, బస్తాపై ముద్ర, ఇవి మన సొంత ఛాయాచిత్రములుగా నుండవలెను. ఎరవు బొమ్మలను చీనావారు ఇట్టే పట్టుదురు.

సంప్రదించుటలో మనకు మాత్రమే యున్న చిక్కొకటి కలదు. చీనాలో వర్తకమంతయు వీచాట్ అను యాప్‌లో మాటలాడుకొనుట వాడుక. అది 2011లో పుట్టినది. మన ప్రభుత్వము 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో అదియు నొకటి. ఆ నిషేధమున్నంతవరకు మన పుటలో వీచాట్ గుర్తు పెట్టి, ఇక్కడ దానిని తెఱువలేక, కొనువాని ప్రశ్నకు మౌనము వహించుట అవమానకరము. చట్టమునకు లోబడి ఈ-మెయిలును, ఫోను నంబరును ఇచ్చి, చీనా వేళ మన వేళకు రెండున్నర గంటలు ముందు నడచునని యెఱిగి, వారి ఉదయమునకు మేలుకొని జవాబిచ్చు మనిషిని నియమింపవలెను. జవాబు రెండు దినములు ఆలస్యమైనచో ఆ కొనువాడు వేఱొక దేశపు సరకు చూచుకొనును.

ఇదంతయు ఒక్క గ్రామసంఘము చేయదగినదా? నా అభిప్రాయమున కాదు. ఒక్క కంటెయినరు నింపు సరకే మనవద్ద ఒకే రకముగా, ఒకే తేమతో కూడుట కష్టము. మిరప పండించు సీమల సంఘములతో కలసి చేయవలసిన పని ఇది. ఎగుమతుల కొఱకే 2023లో నేషనల్ కోఆపరేటివ్ ఎక్స్‌పోర్ట్స్ లిమిటెడ్ అను బహురాష్ట్ర సహకార సంఘము ఏర్పడినది; ప్రాథమిక సంఘములును అందులో సభ్యత్వము కోరవచ్చును. నమోదు, రేవు పనులు, విదేశీ చెల్లింపులు అట్టి సంస్థకు విడిచి, సరకు వివరములను చీనాభాషలో తప్పులేకుండ వ్రాయించు భాగమును మన సంఘములు చేపట్టవచ్చును. అందుకు ఆఱు పుటలు చాలును: సంఘము ఎవరిదో, సరకు ఏదో, పరీక్షలు, నమోదులు, నిలువ పద్ధతి, సంప్రదించు విధము. హైదరాబాదులోని ఇంగ్లీషు విదేశీభాషల విశ్వవిద్యాలయములో చీనాభాష నేర్పుదురు. అక్కడ చదువుకొనినవారిచేత వ్రాయించి, చీనాలో పుట్టిపెరిగినవానిచేత ఒకమారు దిద్దించినచో జిలీ దేశమును ఎండబెట్టు ప్రమాదము తప్పును.

పుటలు సిద్ధమైన పిదప వానిని బైదూవారి వెబ్‌సైటు యజమానుల విభాగములో నమోదు చేయవచ్చును గాని, అందుకు చీనా ఫోను నంబరు అడుగుదురు. అది లేనివారు, సాలీడు తనంతట తాను వచ్చుటకు దారి ఏర్పఱచుకొనవలెను. అనగా ఇదివరకే బైదూ పుస్తకములో ఎక్కిన నిజమైన వర్తకసంస్థలు, కొనుగోలుదారులు తమ పుటలలో మన చిరునామా ఉదాహరించునట్లు చూచుకొనవలెను. ఆలస్యము తప్పదు, కొత్త పుటకు నెలలు పట్టినను ఆశ్చర్యపడవలదు.

పని జరిగినదో లేదో తెలిసికొనుటకు దళారి తెచ్చు అచ్చుకాగితములను నమ్మనక్కఱలేదు. మన తెలుగు పిల్లలు చీనాలో వైద్యవిద్య చదువుచున్నారు. ఎవరి బంధువులైన అట్టివారుండినచో ఒకమారు ఫోను చేయుడు. మొదట మన చిరునామాను తెఱువుమని చెప్పి, పుట నిండుటకు ఎన్ని క్షణములు పట్టినదో లెక్కింపుమనుడు. తరువాత బైదూలో సైట్ అను ఇంగ్లీషు మాట, రెండు చుక్కలు, వెంటనే మన చిరునామా వ్రాయుమనుడు. ఆ యంత్రపు పహాణీలో మన పుటలు ఎన్ని ఎక్కినవో అక్కడ వరుసగా కనబడును. ఒక్కటియు కనబడనిచో రొక్కము పుచ్చుకొనినవానిని ఆ దినమే పిలిపించి, ఆ ఖాళీ తెఱ యొక్క ఛాయాచిత్రమును అతని ముందు పెట్టి అడుగవచ్చును.